నలుగురూ చదివే నాలుగు మాటలు

లింక్డ్‌ఇన్‌లో రాయడానికి గొప్ప ఇంగ్లీషు అక్కరలేదు. మీరు స్వయంగా ఎరిగిన సంగతి ఒక్కటి ఉంటే చాలు.

దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి.కి చేరువలో కటవారియా సరాయ్ అనే పేట ఉన్నది. సరాయ్ అంటే బాటసారులు రాత్రికి తలదాచుకునే సత్రం. ఈనాడు అక్కడ దిగే బాటసారులు ఇంజనీరింగు పట్టభద్రులు. గేట్ పరీక్షకో, ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్షకో చదువుకొనడానికి దేశం నలుమూలల నుంచి వస్తారు. ఇరుకు సందులు, మంచమూ బల్లా పట్టేటంత గదులు, వీధికొక జిరాక్సు దుకాణం. సాయంత్రం వేళ ఆ సందుల్లో తెలుగు మాట చెవిన పడడం వింత కాదు.

అనువాదాలు చేసుకుంటూ నేను అక్కడ అద్దెకున్న రోజుల్లో, మా పై అంతస్తులో గోదావరి జిల్లా కుర్రవాడొకడు ఉండేవాడు. సివిల్ ఇంజనీరు. ఇంజనీరింగ్ సర్వీసెస్ తుది జాబితాలో మూడోసారి కూడా తన పేరు లేదని తెలిసిన కొద్ది రోజులకు, ఒక రాత్రి పదకొండు గంటలకు, లాప్‌టాప్ పట్టుకుని నా తలుపు తట్టాడు.

"మాస్టారూ, ఇక ఉద్యోగం వెతుక్కోవాలండి. లింక్డ్‌ఇన్‌లో పెట్టడానికి ఇది రాశాను. మీరు ఇంగ్లీషు లిటరేచరు చదివారు కదండీ, కాస్త దిద్దిపెట్టండి," అన్నాడు.

చదివాను. తాను పట్టుదల గల నాయకుడినని, ఓటమి విజయానికి తొలి మెట్టని, ఈ ప్రయాణం తనను వినమ్రుణ్ణి చేసిందని రాసి ఉన్నది. భాషలో తప్పు ఒక్కటీ లేదు. కాని ఆ పేరా ఎవరు రాసినా అలాగే ఉంటుంది.

"బాబూ, దీన్ని తెలుగులో మీ అమ్మగారికి చదివి వినిపించగలవా?" అని అడిగాను.

కుర్రవాడికి నవ్వు వచ్చింది. "ఇదెవరి గురించిరా అంటుందండి!"

ఎవరి కోసం రాస్తున్నాం?

లింక్డ్‌ఇన్ 2003 మే నెలలో ప్రజల ముందుకు వచ్చింది. 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని 2,620 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకున్నది. అప్పుడు మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టి ఉన్నవాడు హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల. సభ్యుల సంఖ్య 100 కోట్లకు చేరినదని 2023లో ఆ సంస్థ ప్రకటించింది.

అంతటి సంతలో నిలబడినప్పుడు గొంతు చించుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే అక్కడ అన్ని రాతలూ ఒకే బాజా మోతలా వినిపిస్తాయి. అందరినీ ఉద్దేశించి రాసింది ఏ ఒక్కరినీ తాకదు. మీకు తెలిసిన ఒక్క మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొని రాయండి: కళాశాలలో మీ వెనుక చదువుతున్న విద్యార్థినో, మొదటి ఉద్యోగంలో మీకు పని నేర్పిన పెద్దమనిషినో.

"ఢిల్లీ రాకముందు ఏం చేశావు?" అని అడిగాను.

కాలువ వంతెన పని మీద ఎనిమిది నెలలు ఉన్నాడట. "చెప్పుకోవడానికి ఏమీ లేదండి," అంటూనే ఒక సంగతి చెప్పాడు. రాత్రంతా వాన కురిసి వెలిసిన ఉదయం. కాంక్రీటు కలపడానికి అంతా సిద్ధం. తాపీమేస్త్రి వచ్చి గుట్టలోంచి పిడికెడు ఇసుక తీసి గట్టిగా నొక్కాడు. గుప్పిట విప్పి చూపి, "ఇవాళ నీళ్లు తగ్గించాలి బాబూ," అన్నాడు.

తడి ఇసుక తన నీటిని తానే మోసుకొస్తుంది. ఆ నీటిని లెక్కలో తగ్గించకపోతే సిమెంటు పాలికి నీరెక్కువై కాంక్రీటు బలం తగ్గుతుంది. ఈ సవరణ మన వాడు పుస్తకంలో చదివినదే, పరీక్షలో రాసినదే. కాని చేతికి తగిలి తెలిసింది మాత్రం ఆ ఉదయమే.

"ఇదే రాయి," అన్నాను.

రాసేటప్పుడు గుర్తుంచుకోదగినవి

ఒక పోస్టుకు ఒకే సంగతి. లింక్డ్‌ఇన్ 3,000 అక్షరాల వరకు రాయనిస్తుంది. అంతా నింపవలసిన పని లేదు.

తొలి వాక్యంలోనే విషయం. పాఠకుని తెరమీద మొదట కనిపించేవి రెండు మూడు పంక్తులే. మిగిలినది చూడాలంటే అతడు వేలితో నొక్కాలి. నమస్కారాలతో, ఉపోద్ఘాతంతో ఆ చోటు ఖర్చు చేయకండి. వాన, ఇసుక, గుప్పిట అక్కడే ఉండాలి.

మాట్లాడినట్లు రాయండి. రాతను జనం నోటి మాటకు దగ్గర చేయడానికి గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) జీవితం ధారపోశారు. ఇంగ్లీషులో రాసినా ఆ పాఠం వర్తిస్తుంది. రాసినదాన్ని మనసులో తెలుగు చేసి చూడండి. చెప్పడానికి సిగ్గేసిన వాక్యాన్ని కొట్టివేయండి. అనువాదకునిగా నాకు తెలిసిన జల్లెడ ఇదే. డాంబికం అందులో దిగదు.

ఓటమిని దాచకండి, అలంకరించకండి. "మూడేళ్లు చదివాను. ఎంపిక కాలేదు. ఇప్పుడు పని వెతుక్కుంటున్నాను." ఈ మూడు వాక్యాలు రాయడానికి మా కుర్రవాడికి గంట పట్టింది. ఆ మూడేళ్ల ఖాళీ ఎలాగూ కనిపించేదే. సూటిగా చెప్పిన వానిని లోకం అనుమానించదు.

పలకరిస్తే బదులివ్వండి. మన రాత కింద ఎవరైనా ఒక మాట రాస్తే, మన గుమ్మంలోకి వచ్చినట్లే.

మేస్త్రి పేరు

పోస్టు వెళ్లిన రెండు రోజులూ చడీచప్పుడు లేదు. మూడోనాడు ఎవరో పెద్ద ఇంజనీరు, "ఆ రోజు నీరు ఎంత తగ్గించారు?" అని అడిగాడు. మన వాడు లెక్క వేసి చూపాడు. ఇంకొకరు ఆ లెక్కలో పొరపాటు పట్టారు. ఒప్పుకొని దిద్దుకున్నాడు. మాటా మాటా కలిసి, పాతికమంది ఇంజనీర్లు తమ తమ వానాకాలపు అనుభవాలు చెప్పుకున్నారు.

ఆ ఒక్క పోస్టే ఉద్యోగం తెచ్చిపెట్టిందని నేననను. కొన్ని నెలలపాటు తిరిగి తానే సంపాదించుకున్నాడు. అయితే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న తడి ఇసుక గురించేనట!

అంతకుముందే, పోస్టు పెట్టిన రాత్రి, దానిని తెలుగు చేసి ఫోనులో తల్లికి వినిపించాడు. ఆవిడ చివరిదాకా విని, "బాగుందిరా. ఇంతకీ ఆ మేస్త్రి పేరేమిటి?" అన్నది.

కుర్రవాడి దగ్గర జవాబు లేదు. ఎనిమిది నెలలూ 'మేస్త్రీ' అని పిలిచాడే గాని పేరు అడగలేదు. మర్నాడు పొద్దున్నే పాత సైటులోని వాచ్‌మన్‌కు ఫోను చేసి కనుక్కున్నాడు. మేస్త్రితో మాట్లాడి, "మీ పేరు రాసుకోవచ్చా?" అని అడిగి మరీ పోస్టులో చేర్చాడు.

ఆ రాతలో నేను దిద్దినవి రెండు కామాలు. అసలైన దిద్దుబాటు ఆ తల్లిదే.