క్షిపణి రక్షణ వ్యవస్థల్లో చొరబాటు వార్తలు: పరిశీలనకు ప్రమాణాలు

1. ప్రస్తావన

ఒక దేశపు క్షిపణి రక్షణ వ్యవస్థలోకి హ్యాకర్లు చొరబడ్డారన్న వార్త రెండు రకాల తొందరపాటుకు దారితీస్తుంది. కొందరు దానిని వెంటనే నమ్ముతారు. మరికొందరు ప్రభుత్వం ఖండించగానే కొట్టివేస్తారు. సైనిక రహస్యాల కారణంగా సాక్ష్యాలు పౌరులకు అందవు. అటువంటి స్థితిలో ఈ వార్తలను ఏ ప్రమాణాలతో పరిశీలించాలో ఒక ఉదంతం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పేట్రియాట్ ఉదంతం

సిరియా వైపు నుంచి రాగల క్షిపణులను అడ్డుకునేందుకు జర్మనీ 2013 ఆరంభంలో నాటో తరఫున తుర్కియేలోని కహ్రామన్‌మరాష్ వద్ద పేట్రియాట్ వ్యవస్థలను మోహరించింది. అవి వివరణకు అందని ఆదేశాలను అమలు చేశాయని, అది హ్యాకర్ల పనేనని 2015 జులైలో 'బెహోర్డెన్ ష్పీగెల్' అనే జర్మన్ పత్రిక రాసింది. వ్యవస్థలోని భాగాల మధ్య జరిగే సమాచార మార్పిడి, మార్గనిర్దేశం చేసే చిప్ అనే రెండు బలహీన స్థానాలను సూచించింది. ఇందుకు ఆధారమేదీ లేదని, అటువంటి చొరబాటు దాదాపు అసంభవమని జర్మన్ రక్షణ శాఖ స్పందించింది.

3. సందేహానికి కారణాలు

మొదటిది, వార్తలోని అస్పష్టత. ఆ ఆదేశాలేమిటో, వాటి ఫలితమేమిటో అందులో లేదు. రెండవది, వ్యవస్థ నిర్మాణం. రాడార్, నియంత్రణ కేంద్రం, ప్రయోగ వాహనాలు తమ సొంత కేబుళ్ల ద్వారా, రేడియో ద్వారా అనుసంధానమవుతాయి. ఇంటర్నెట్ ద్వారా కాదు. చిప్‌లోనే లోపం చొప్పించాలంటే తయారీ దశలోనే ప్రవేశం ఉండాలి. అది దూరాన కూర్చున్న హ్యాకర్‌కు సాధ్యమయ్యే పని కాదు.

మూడవది, వింత ప్రవర్తనకు చొరబాటు ఒక్కటే కారణం కానక్కరలేదు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్ వద్ద ఒక పేట్రియాట్ వ్యవస్థ ఇరాకీ స్కడ్ క్షిపణిని అడ్డుకోలేకపోయింది. 28 మంది అమెరికన్ సైనికులు మరణించారు. సుమారు 100 గంటలు నిరంతరాయంగా నడవడంతో దాని గడియారపు లెక్కలో దాదాపు 0.34 సెకన్ల దోషం పేరుకుపోయింది. అక్కడ శత్రు హస్తం లేదు. ఉన్నది సాఫ్ట్‌వేర్ లోపమే.

4. సందేహానికి హద్దు

అయితే సందేహం నిశ్చింతగా మారకూడదు. అభివృద్ధి దశలోని ఆయుధ వ్యవస్థలపై 2012–2017 మధ్య జరిగిన పరీక్షల్లో దాదాపు అన్నింటిలోనూ కీలక సైబర్ బలహీనతలు బయటపడ్డాయని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2018లో నివేదించింది. ఒక పరీక్షలో ఇద్దరు సభ్యుల బృందం గంటలో ప్రవేశించి, ఒక్క రోజులో పూర్తి నియంత్రణ సాధించింది.

అధికారిక ఖండన కూడా తుది మాట కాదు. పౌర రంగానికి చెందినదైనా, కూడంకుళం అణువిద్యుత్ కేంద్రం అనుభవం ఇక్కడ గమనార్హం. సైబర్ దాడి వార్తను ఆ కేంద్రం 2019 అక్టోబరు 29న ఖండించింది. మాల్‌వేర్ దొరికిన మాట నిజమేనని మరునాడే అణువిద్యుత్ సంస్థ అంగీకరించింది. అయితే అది పరిపాలనా పనులకు వాడే కంప్యూటర్‌లోనిదని, నియంత్రణ వ్యవస్థకు చేరలేదని వివరించింది.

5. ముగింపు

కాబట్టి పాఠకుడు అడగవలసినవి మూడు ప్రశ్నలు: చొరబడినది కార్యాలయ వ్యవస్థలోకా, ఆయుధ నియంత్రణ వ్యవస్థలోకా? ప్రవేశమార్గం ఏది? సాంకేతిక లోపం కాదని ఎలా తేల్చారు? వార్త వీటికి సమాధానం చెప్పనప్పుడు దానిని నమ్మనక్కరలేదు. ఖండన చెప్పనప్పుడు దానితో తృప్తి పడనక్కరలేదు. వార్తను అతిగా నమ్మితే లేని శత్రువుపై ఆగ్రహం పెరుగుతుంది. ఖండనను అతిగా నమ్మితే ఉన్న లోపం సరిదిద్దకుండా మిగిలిపోతుంది.