ప్రాగ్‌లో స్నేహితుల ఇంటి నుంచి

చెక్ రాజధాని ప్రాగ్‌లో హోటల్లో దిగినవాళ్లకూ స్నేహితుల ఇంట్లో దిగినవాళ్లకూ కనిపించే ఊరు ఒకటి కాదు. ఆ తేడా గుమ్మం దగ్గరే మొదలవుతుంది. మన ఇళ్లలోలాగే అక్కడా బయట తిరిగిన చెప్పులతో లోపలికి రారు. ఇంట్లో వేసుకోవడానికి అతిథికి మెత్తటి జత ఒకటి ఇస్తారు.

ఊరు తెలిసిన స్నేహితులు చేసే పెద్ద మేలు, తెల్లవారకముందే నిద్ర లేపడం. వల్తావా నది మీది చార్లెస్ వంతెనకు 1357లో నాలుగో చార్లెస్ చక్రవర్తి పునాది వేయించాడు. 516 మీటర్ల పొడవు, 16 కమానులు, రెండు వైపులా 30 విగ్రహాలు. పొద్దెక్కితే జనం మధ్య ఏదీ సరిగా కనబడదు. సూర్యోదయ వేళ మాత్రం నల్లబడిన రాళ్ల మీదికి వెలుగు పాకుతుంటే, ఎంత నిద్రైనా మానుకోవచ్చనిపిస్తుంది.

పాతపట్నం కూడలిలో 1410 నాటి ఖగోళ గడియారం ఉంది. గంట గంటకూ పైకిటికీల్లో క్రీస్తు శిష్యుల బొమ్మలు కదులుతాయి, పక్కన అస్థిపంజరం గంట తాడు లాగుతుంది. అది అయిపోగానే గుంపు చెదిరిపోతుంది. నిజానికి అసలు విశేషం గడియారపు పళ్లెంలో ఉంది. సూర్యచంద్రుల స్థానాలతో పాటు, సూర్యాస్తమయం నుంచి గంటలు లెక్కించే పాత చెక్ కాలమానాన్ని కూడా అది చూపిస్తుంది.

కోటగుట్ట ఎక్కడానికి 22వ నంబరు ట్రామ్ చాలు. కాగితం టికెట్‌కు పసుపు యంత్రంలో ముద్ర వేయించుకోవడం మరవకూడదు. పైన సెయింట్ వైటస్ కెథడ్రల్: 1344లో మొదలై, 1929లో పూర్తయింది.