గరుకు పైకప్పు గీకేయాలా? ఎందుకు? ఎలా?

సూరత్‌లోని లింబాయత్‌లో మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు ఎందరో. సముద్రానికి దగ్గరగా, తాపీ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో వానాకాలపు గాలిలో తేమ ఎక్కువ. అలాంటి చోట పైకప్పుకు గరుకు పూత, పూల అచ్చులు అందం కోసమే అయినా చేటు తెస్తాయి. గుంతల్లో దుమ్ము చేరుతుంది; దానికి తేమ తోడైతే బూజు పడుతుంది. పైగా ఆ పూత చాలాసార్లు పీఓపీ, అంటే జిప్సమ్‌ను కాల్చి చేసిన పొడి. నీళ్లు కలిపితే అది మళ్లీ జిప్సమ్‌గా మారి గట్టిపడుతుంది. కానీ జిప్సమ్ లీటరు నీటిలో సుమారు 2 గ్రాములు కరుగుతుంది. అందుకే డాబా కారితే పూత మెత్తబడి పెచ్చులూడుతుంది.

మీద రంగేస్తే సరిపోదా? పట్టు వదిలిన పూతతో పాటే రంగూ రాలుతుంది. ముందు కారడం ఆపాలి. లేకుంటే పాతది గీకాక వేసే కొత్త నున్నటి పూతకూ అదే గతి. గీకితే దుమ్ము ప్రమాదం కదా అంటే, నిజమే. అమెరికాలో పాత గరుకు పూతల్లో కొన్నిటిలో, పీలిస్తే ప్రమాదకరమైన ఆస్‌బెస్టాస్ ఉండేది. అలా చల్లే పూతలను 1978లో నిషేధించారు. కాబట్టి పూత ఏమిటో తెలియకపోతే పరీక్ష చేయించాకే ముట్టుకోవాలి. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులనైతే అసలు గీకకూడదు. పీఓపీ అని తేలితే దాని బలహీనతే మనకు సాయం: కరెంటు ఆపి, నీళ్లు చిలకరించి, మెత్తబడ్డాక పుట్టీ బ్లేడుతో గీకితే దుమ్ము పెద్దగా లేవదు. పాత రంగు నీటిని పీల్చనివ్వకపోతే మాత్రం ఓపిక కావాలి. ఆ పని పెద్దలది. పిల్లలు ఆ గది బయటే ఉండాలి.