రంగుతో వేసే నీడలు

అసలు ట్యాంకు మీద రెండు ఇనుప పలకల మధ్య ఒక సెంటీమీటరు సందు ఉంటే, 1/35 స్కేలు మోడల్‌లో అది 0.3 మిల్లీమీటర్ల లోపే. రంగు ఒక కోటు పడేసరికి అది కొంత పూడిపోతుంది కూడా. పైగా బల్ల మీది దీపం, పక్కనున్న కిటికీ బొమ్మతో పోలిస్తే పెద్దవి కాబట్టి నీడల అంచులు ఎండలో ఉన్నంత పదునుగా రావు. అందుకే మోడళ్లు చేసేవాళ్లు నీడను వెలుతురుకు వదిలెయ్యరు, రంగుతోనే వేస్తారు. బాగా పల్చన చేసిన ముదురు గోధుమ రంగు పూస్తే సందుల్లోకి పాకి అక్కడే నిలుస్తుంది. ఇది వాష్. దాదాపు ఆరిన బ్రష్షుతో లేత రంగు రాస్తే ఎత్తైన అంచులకే అంటుకుంటుంది. ఇది డ్రై బ్రషింగ్.

గేమ్ ఆర్టిస్టులదీ ఇదే చిక్కు, కారణమే వేరు. సెకనుకు 60 ఫ్రేములు గీయాల్సిన యంత్రానికి ప్రతి మూలకూ వెలుతురు ఎంత చేరుతుందో పూర్తిగా లెక్కగట్టే తీరిక ఉండదు. ఆ లెక్క ముందే కట్టి బొమ్మగా దాచుకుంటారు. దాని పేరు యాంబియెంట్ అక్లూజన్ మ్యాప్. అంచులు ఎక్కడున్నాయో కర్వేచర్ మ్యాప్ చెబుతుంది. దాన్ని పట్టుకుని సబ్‌స్టెన్స్ పెయింటర్ లాంటి సాఫ్ట్‌వేర్ అంచుల దగ్గర రంగు ఊడి ఇనుము బయటపడ్డట్టు చూపిస్తుంది.

తేడా ఒకటుంది, చిన్నదేమీ కాదు. మోడల్ మీద రంగూ నీడా ఒకే పూత. ఇప్పటి గేముల్లో మూల రంగు, గరుకుదనం, లోహమా కాదా అన్న సమాచారం, నీడ దేని పొర దానిదే. మూల రంగులో నీడ కలిపేస్తే, గేములో దీపం చోటు మారినా ఆ నీడ కదలదు.

జబ్బు మాత్రం ఇద్దరిదీ ఒకటే: అన్ని అంచులూ సమానంగా అరగదీయడం. నిజం ట్యాంకు మీద రంగు ఎక్కువగా పోయేది సిబ్బంది ఎక్కి దిగే చోట, మూతల చుట్టూ.

చేతి బొమ్మ నేరుగా గేములోకి వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. 1993 నాటి 'డూమ్'లో కొందరు రాక్షసులను మట్టితో, రబ్బరు పాలతో చేసి, వేర్వేరు కోణాల నుంచి వీడియో కెమెరాతో పట్టారు. 2021లో వచ్చిన 'ఫాంటేసియన్' గేము కోసం జపాన్ గేమ్ రూపకర్త హిరోనోబు సకగుచి 150కి పైగా డయోరమాలు (చిన్న దృశ్య నమూనాలు) చేతితో కట్టించారు. ఇలాంటి డయోరమాలను కంప్యూటర్‌లోకి ఎక్కించేది ఫోటోగ్రామెట్రీ. చాలా ఫోటోల్లో ఒకే చుక్కను గుర్తుపట్టి అది ఎంత దూరంలో ఉందో ఆ పద్ధతి లెక్కగడుతుంది. మెరిసే చోట్ల ఇది తడబడుతుంది, ఎందుకంటే కెమెరా కదిలితే మెరుపూ కదులుతుంది. కాబట్టి మబ్బు పట్టిన రోజులాంటి సమమైన వెలుగులో ఫోటోలు తీసి, మెరుపును తర్వాత గరుకుదనం పొరలో చేరుస్తారు.