కాయితాల బొంత

చలి ముదిరిందంటే మా భైంసా యింట్లో అటకమీది బొంతలు కిందికి దిగుతాయి. పాత చీరలూ, చిరిగిన ధోవతులూ, పిల్లల గౌనులూ ముక్కలు చేసి, పొరమీద పొర వేసి, మా అమ్మ చేత్తో కుట్టిన బొంతలవి. కప్పుకొనేవాడికి కావలసింది వెచ్చదనం. కుట్టిన ఆవిడకు మాత్రం అదొక గ్రంథం. "గిది నీ తొట్టెల నాటి చీర. గిది మీ మేనత్త పెండ్లిల పెట్టింది. గీ ముక్క మీ తాత రుమాలు" అంటూ వేలితో చూపించి, ఏ ముక్క కథ ఆ ముక్కకు చెప్పగలదు.

ఈ మధ్య మేము యింట్లో ఒక పుస్తకం తయారుచేసుకొన్నాం. పాత ఫోటోలూ, ఉత్తరాలూ, శుభలేఖలూ, రసీదులూ అమర్చి, ప్రతిదాని పక్కన దాని కథ వ్రాసిన పుస్తకం. పట్నాలలో దీన్ని స్క్రాప్ బుక్ అంటారు. మా అమ్మ రెండు పుటలు తిరగేసి, "గిది కాయితాల బొంత గదరా!" అన్నది. ఆ పేరే ఖాయమైంది.

మీ యింట్లోనూ ఇటువంటి బొంత ఒకటి కుట్టుకోవచ్చు. పెద్ద ఖర్చు లేదు. గొప్ప విద్యా అక్కరలేదు. అయితే నేను మొదటిసారి కుట్టినట్లు మాత్రం కుట్టకండి. ఆ సంగతి ముందుగా చెప్పుకోవాలి.

కోటు కథ

మా నాన్నగారిని మేము బాపు అని పిలిచేవాళ్లం. భైంసా పత్తి వ్యాపారానికి పేరుబడ్డ ఊరు. అక్కడ ఒక అడ్తి దుకాణంలో ఆయన గుమాస్తా. జీవితమంతా వూరివాళ్ల పద్దులు వ్రాశారేగాని, తనను గురించి ఒక్క ముక్క వ్రాసుకోలేదు. ఆయన పడుచుతనపు ఫోటో మా యింట్లో ఒక్కటే వుండేది. పెళ్లికి ముందు నాందేడులో తీయించుకొన్నది. వెనుక తెరమీద కొలనూ, హంసలూ. ముందు కోటు తొడుక్కొని, కుర్చీమీద చెయ్యి ఆనించి మా బాపు.

ఆయన 2001లో పోయారు. రెండేళ్లకు నాకు కళాశాలలో ఉద్యోగమయింది. మొదటి జీతంతో ఒక ఆల్బం కొన్నాను. పుటలన్నిటికీ ముందే జిగురు పూసి, పైన ప్లాస్టిక్ పొర వుండేది. పొర ఎత్తడం, ఫోటో పెట్టడం, పొర దించడం, అంతే పని. ట్రంకు పెట్టెలోని ఫోటోలన్నీ ఒక్క సాయంత్రంలో అందులోకి ఎక్కించాను. ఎవరెవరో ఒక్క పేరైనా వ్రాయలేదు. ఆల్బం అలమారలో పెట్టి, కొడుకుగా నా బాధ్యత తీరిందనుకొన్నాను.

రెండేళ్ల కిందట మా అమ్మాయి, "తాత ఫోటో కావాలి, బడిలో చూపించాలి" అన్నది. ఆల్బం తీశాను. పుటలు పసుపుపచ్చగా మారాయి. జిగురు గట్టిపడి రాయి అయింది. మెల్లగా పొర ఎత్తబోయాను. చర్రుమన్నది. ఫోటో పైచర్మం పొరతోపాటు లేచివచ్చింది. ముఖమూ, కోటూ పెచ్చులుగా వూడిపోయాయి. అట్టమీద మిగిలింది కుర్చీకాలూ, ఒక జత చెప్పులూ. ఇంకొక ప్రతి లేదు. నెగటివు లేదు.

వ్రాతప్రతుల విలువ గురించి ఏళ్ల తరబడి విద్యార్థులకు పాఠాలు చెప్పినవాణ్ణి. నా యింటి ఏకైక ప్రతిని నా చేతులతోనే పాడుచేశాను. రెండు రోజులు అమ్మకు చెప్పలేకపోయాను. మూడోరోజు చెప్పాను. ఆమె ఆ ముక్కను అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకొన్నాను. నవ్వింది.

"పోనీతీ బిడ్డా. కోటు మనది గాదు, నాందేడు ఫోటో దుకాణపాయనది. చెప్పులు మనయి. గవి మిగిలినయి గద!"

నాకు మాట రాలేదు. ఆమే మళ్లీ అన్నది. "సంబంధం జూసెటప్పుడు గా ఫోటోనే మా యింటికి పంపిండ్రు. మా అయ్య కోటు జూసిండు. నేను మొఖం జూసిన."

ఫోటో బాగున్నన్నాళ్లూ ఈ మాట ఆమెను ఎవరూ అడగలేదు. బొమ్మ కళ్లముందు వుంది గదా, మాట ఎందుకనుకొన్నాం. బొమ్మ పోయిన తరువాతగాని దాని కథ బయటికి రాలేదు. నా తప్పు ఏమిటో నాకప్పుడు తెలిసింది. జిగురు చేసిన తప్పు ఒకటి. పేర్లూ, మాటలూ అడిగి వ్రాసుకోకపోవడం అంతకంటె పెద్దది.

బొమ్మకు గొంతు కావాలి

మన దేశంలో బొమ్మను ఏనాడూ మూగదానిగా వదల్లేదు. చేర్యాల పటాలు మీరు చూసే వుంటారు. గుడ్డమీద వరుసగా గళ్లుగళ్లుగా కులపురాణం చిత్రించివుంటుంది. కథకుడు పటం విప్పుతూ, ఒక్కొక్క బొమ్మనూ చూపిస్తూ పాడితేనే అది కథ. మా ఆదిలాబాదు అడవుల్లో గోండులకు కాగితమూ అక్కరలేదు. వారి వంశకథలను ప్రధానులు కీక్రి వాయిస్తూ గానం చేస్తారు. 1940లలో ఇక్కడి గోండుల మధ్య వుండి పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ దొర ఆ కథలు విని వ్రాసుకొన్నాడు, ఫోటోలూ తీశాడు. ఆయన తీసిన ఫోటోలు ఈనాటికీ లండన్ విశ్వవిద్యాలయంలో భద్రంగా వున్నాయి. ఒక విదేశీయుడు మన జిల్లా పల్లెలకు చేసిన పని మన యింటికి మనం చేసుకోలేమా?

మా అమ్మకు ఎనభై దగ్గరపడుతున్నాయి. బాసర గోదావరి మెట్లమీద అయిదుగురు ఆడవాళ్లు కూర్చున్న ఫోటో ఒకటి వుంది. కిందటేడు ముగ్గురి పేర్లు చెప్పింది. ఈ ఏడు రెండే చెప్పింది. మూడో ఆమె దగ్గర వేలు ఆగిపోయి, "గీమె మన చుట్టమే" అన్నది. కిందటేడు వ్రాసుకొన్నాం గనుక ఆ మూడోపేరు బతికింది. తక్కిన ఇద్దరూ ఇక చుట్టాలే, పేర్లు లేవు. మీ యింట్లో కూడా పేర్లు తెలిసిన మనిషి ఒక్కరే మిగిలివుండవచ్చు. అందుకే తొందరపెడుతున్నాను.

పెట్టెలో నాలుగు లిపులు

రెండోసారి పెట్టె తెరిచినప్పుడు ఫోటోలకంటె కాగితాలే ఎక్కువ ఆశ్చర్యపరిచాయి. తాతగారి కాలపు రసీదులు ఉర్దూలో. పత్తి లెక్కలు మోడీ లిపిలో మరాఠీ. బాపు ఉత్తరాలు తెలుగులో. నా మార్కుల పట్టికలు ఇంగ్లీషులో. ఒకే యింటి చరిత్రను ఆ యింటి పిల్లలే చదవలేరు!

పాత కవర్లు వరుసగా పేర్చితే ఒక వింత తేలింది. మొదటివాటిమీద జిల్లా నాందేడు. 1956 నవంబరులో రాష్ట్రాలను విడదీసినప్పుడు ముధోలు, భైంసా, కుబీరు ప్రాంతాలను ఆదిలాబాదులో కలిపారు గనుక తరువాతి వాటిమీద జిల్లా ఆదిలాబాదు. 2016 అక్టోబరు నుంచి జిల్లా నిర్మల్. రాష్ట్రం పేరు చూస్తే హైదరాబాదు, ఆంధ్రప్రదేశ్, 2014 నుంచి తెలంగాణ. మా యిల్లు అంగుళం కదలలేదు. జిల్లాలూ, రాష్ట్రాలే కదిలాయి. ఆ కవర్లన్నీ ఒకే పుటలో పెట్టాం. పిల్లలకు చరిత్ర పాఠం అంతకంటె సులభంగా ఎవరు చెప్పగలరు?

ఉర్దూ కాగితాలకు మా వీధిలోని ఒక పెద్దాయన సాయపడ్డారు. వాటిలో ఒకదాన్ని మేము ఏటేటా దసరాకు కుంకుమ పెట్టి పూజించేవాళ్లం, తాతగారి భూమిపట్టా అని. ఆయన కళ్లజోడు సర్దుకొని చదివి, నవ్వు ఆపుకోలేకపోయారు. అది మా గేదె పరాయిచేను మేసినందుకు బందెలదొడ్డిలో కట్టిన జరిమానా రసీదు! పుస్తకంలో దానికి ప్రత్యేకంగా ఒక పుట ఇచ్చాం, కుంకుమబొట్టుతో సహా.

మీ పెట్టెలోనూ నిజాంకాలపు కాగితాలుంటే ఒక చిట్కా. వాటిమీద ఫసలీ సంవత్సరం వుంటుంది. దానికి 590 కలపండి. ఫసలీ 1350 అంటే 1940 అక్టోబరు నుంచి 1941 అక్టోబరు దాకా అన్నమాట.

జిగురు చేసే ద్రోహం

పుటకు ముందే జిగురు పూసి అమ్మే ఉపాయం కొత్తది కాదు. అమెరికా హాస్యరచయిత మార్క్ ట్వేన్ 1873లోనే అటువంటి పుస్తకానికి పేటెంటు సంపాదించాడు. అయితే ఆయన జిగురు ఎండిన జిగురు, తడిపితేనే అంటుకొనేది. నేను కొన్న ఆల్బం జిగురు ఎప్పుడూ తడిగానే వుండి, కొన్నేళ్లకు బిగుసుకొని, పట్టినదాన్ని వదలదు. పైనున్న నాసిరకం ప్లాస్టిక్ విడిచే ఆవిరి కూడా ఫోటోను తినేస్తుంది. మీ యింట్లో అటువంటి ఆల్బం వుంటే ఫోటోలను పీకవద్దు. వున్నవి వున్నట్టే ముందు నకలు తీసుకోండి. సులభంగా వచ్చేవాటినే బయటికి తీయండి.

పత్రికాకాగితం మరొక శత్రువు. మా అమ్మ వారపత్రికల నుంచి సీరియలు పుటలు కత్తిరించి, దారంతో కుట్టి దాచుకొనేది. ఆ రోజుల్లో ఆ అలవాటు లేని యిల్లు అరుదు. ఒక కట్టలో ఆమె పెళ్లి శుభలేఖ దొరికింది. ఇరువైపులా వున్న పత్రికాకాగితం ఆమ్లం దిగి శుభలేఖ గోధుమరంగుకు తిరిగింది. కనుక పేపరు ముక్కలను నేరుగా పెట్టకుండా మంచి కాగితంమీద నకలు తీసి పెట్టండి.

కుట్టే పద్ధతి

మొదట కత్తెర, జిగురు ముట్టుకోవద్దు. పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. ఒక్కొక్క ఫోటోనూ చేతికిచ్చి, "ఇదెక్కడ? ఎవరు తీశారు? అప్పుడేం జరిగింది?" అని అడగండి. సెల్‌ఫోనులో వారి మాట రికార్డు చేయండి. వ్రాసేటప్పుడు వారి మాటను మీ పుస్తకభాషలోకి దిద్దవద్దు. తెలుగు లెక్చరరును, నేనే చెబుతున్నాను.

ఫోటో వెనుక అంచున మెత్తని పెన్సిలుతో తేలికగా పేరు, వూరు, సుమారు సంవత్సరం వ్రాయండి. బాల్‌పెన్ను వద్దు, అచ్చు ముందుకు పడుతుంది. "అత్తయ్య" అని మాత్రమే వ్రాస్తే మీ మనమలకు ఆమె ఎవరో తెలియదు, పూర్తిపేరు వుండాలి.

పుటలకు ఆమ్లం లేని దళసరి కాగితం కొనండి. ఫోటో నాలుగు మూలలకూ కాగితపు మూలలు మడిచి, ఆ మూలలను మాత్రమే పుటకు అంటించి, ఫోటోను వాటిలో దూర్చండి. ఎప్పుడు కావాలన్నా బయటికి తీయవచ్చు. సెలోటేపు, గుండుసూది, లామినేషను మూడూ వద్దు. మైదా గంజి వెండిపురుగులకు విందుభోజనం, ఎక్కువ వాడవద్దు. నలుపుతెలుపు ఫోటోలు గట్టివి. 1970, 80ల రంగుఫోటోలు చీకట్లో పెట్టినా వెలిసిపోతాయి, వాటికే ముందు నకలు తీయండి. దుకాణాల్లో ఇప్పుడిచ్చే నున్నని బిల్లుల అక్షరాలు కూడా నిలవవు.

అలంకారం పిల్లలకు వదిలిపెట్టండి. మా అమ్మాయి పాత యింటి పటం గీసింది. పుటల అంచులకు పత్తికాయలు చిత్రించింది. జొన్నరొట్టె ఎలా కొట్టాలో బాపమ్మ చెప్పినట్లే ఒక పుట వ్రాసింది.

పూర్తయిన పుస్తకాన్ని శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, ఎండా తేమా తగలని అలమారలో పెట్టండి. తాటాకు గ్రంథాలను మనవాళ్లు గుడ్డలో చుట్టి దాచింది ఊరికే కాదు. నకలు ఒకటి మరొక వూరిలోని చెల్లెలి యింట్లోనో, తమ్ముడి యింట్లోనో వుంచండి. ఫోనులో వుంది గదా అని ధీమా పడవద్దు. ఫోను పోవడానికి ఒక్క బస్సు ప్రయాణం చాలు.

మా పుస్తకంలో మొదటిపుట బాపుది. ఒక కుర్చీకాలూ, ఒక జత చెప్పులూ, పైన ఖాళీ. ఆ ఖాళీలో మా అమ్మ చెప్పిన మాటలు, ఆమె చెప్పినట్లే. యింటికి వచ్చిన చుట్టాలు మంచి ఫోటోలన్నీ దాటి ఆ పుట దగ్గరే ఆగుతారు. మా అమ్మాయి బడికి తీసుకుపోయింది కూడా ఆ పుట నకలే.

మొన్న అమ్మ ఆ పుట తెరిచి చూస్తూ, "గీ చెప్పులు ఎవరియిరా?" అని నన్నే అడిగింది. నేను పక్కన కూర్చొని, ఆమె మాటలే ఆమెకు చదివి వినిపించాను. మొఖం జూసిన అన్న చోట ఆమె తలవంచుకొని నవ్వింది.