చవకైనదని చిన్నచూపు చూడకండి
(పిల్లల కంచంలోకి కూరగాయలు, పండ్లు: తక్కువ ఖర్చుతో ఎలా?)



"బిడ్డలకు కూరగాయలు, పండ్లు పెట్టాలని మాకు మాత్రం ఉండదా అయ్యగారూ? సంతకు పోతే రెండు వందల నోటు సంచి అడుగుకు కూడా చాలదు." గద్వాలలోను, వనపర్తిలోను, నాగర్‌కర్నూలులోను ఇళ్ళను దర్శించినప్పుడు తల్లుల నోట తరచుగా వినే మాట ఇది. ఈ మాటలో నిజముంది. కూలి డబ్బులతో గడిచే ఇంట్లో మొదట బియ్యం, తరువాత నూనె, పప్పు. కూరగాయల వంతు వచ్చేసరికి చేతిలో చిల్లరే మిగులుతుంది.

కాని ఇంకొక నిజం కూడా ఉంది. అదే ఇంటి వాకిట్లో చిప్స్ ప్యాకెట్ల కాగితాలు ఎగురుతుంటాయి. బిడ్డకు జ్వరం వస్తే అప్పు చేసైనా ఆపిల్ పండ్లు తెస్తారు. పెరట్లో మునగాకు మాత్రం మేకల పాలవుతుంది. మన ప్రాంతంలో చవకగా దొరికే ఆకు, కాయ, పండు చాలావరకు బలమైనవే. వాటిని "లేనివాళ్ళ తిండి" అని మనమే పక్కకు నెట్టాము. మన మాట విని పిల్లలు కూడా నెడుతున్నారు.

ఇది చిన్న సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలలు నిండి ఐదేళ్ళ లోపు ఉన్న పిల్లలలో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. 2015-16 సర్వేలో ఈ సంఖ్య 61. రక్తం తక్కువైన బిడ్డ త్వరగా అలసిపోతాడు, బడిలో చెప్పింది తలకెక్కదు. దానిని మనం సోమరితనం అనుకొని కొడతాము.

ఎంత తినాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన సూచన ఇది: పండ్లు, కూరగాయలు కలిపి రోజుకు 2 నుండి 5 ఏళ్ళ పిల్లలకు కనీసం 250 గ్రాములు, 6 నుండి 9 ఏళ్ళ వారికి 350 గ్రాములు, 10 ఏళ్ళు దాటినవారికి 400 గ్రాములు. ఆలుగడ్డ ఈ లెక్కలోకి రాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలలో పెద్దవారికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలని చెప్పింది.

అంకెలు చూసి భయపడవద్దు. ఏడేళ్ళ బిడ్డకు 350 గ్రాములు ఎలా సరిపోతాయో చూడండి. పొద్దున రొట్టెలోకి ఆకుకూర లేదా టమాట పచ్చడి 50 గ్రాములు. మధ్యాహ్నం బడి భోజనంలో 50 గ్రాములు. సాయంత్రం ఒక మోస్తరు జామకాయ 100 గ్రాములు. ఆడుకొని వచ్చాక ఒక చిన్న క్యారెట్టో, కీర ముక్కలో 50 గ్రాములు. రాత్రి కూరగాని, ఆకుకూర పప్పుగాని 100 గ్రాములు. లెక్క సరిపోయింది.

ఆపిలా? జామకాయా?

వంద గ్రాముల ఆపిల్‌లో విటమిన్ సి 5 మిల్లీగ్రాములు కూడా ఉండదు. అంతే జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. మునగాకులో కాల్షియం పాలలోకంటే రెండింతలు దాటుతుంది. బాగా మాగిన బొప్పాయిలో, తోటకూరలో, మునగాకులో కంటిచూపుకు కావలసిన కెరోటిన్ పుష్కలం. ఆపిల్ చెడ్డదని కాదు. మన ఊళ్ళో ఒక ఆపిల్ ధరకు ఎన్ని జామకాయలు వస్తాయో మీకే తెలుసు.

ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడు కావాలి. అందుకే ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండడం, అన్నం తిన్నాక జామ ముక్క తినడం మంచిది. తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు. పిల్లలకు టీ అలవాటు మానిపిస్తే మరీ మంచిది. కెరోటిన్ పట్టాలంటే కొద్దిగా నూనె వస్తువు ఉండాలి. మన వనపర్తి, నాగర్‌కర్నూలు చేలలో పల్లి పండుతుంది కదా! ఆకుకూరలో ఒక చెంచా వేయించిన పల్లీల పొడి వేయండి. రుచి పెరుగుతుంది, బలమూ పెరుగుతుంది.

బబులోను రాజు భోజనం కాదని దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు పది దినాలు శాకధాన్యాదులు తిన్న సంగతి మన ఆదివారపు బడి పిల్లలందరికీ తెలుసు. ఆ పాఠం చెప్పి, చివరన బిస్కట్ ప్యాకెట్లు పంచడం ఎందుకు? కాలాన్నిబట్టి తలా ఒక జామకాయ, గుప్పెడు రేగ్గాయలు ఇవ్వవచ్చు.

ఏ కాలానికి ఆ కాలం

ఖర్చు తగ్గించే మొదటి సూత్రం కాలాన్నిబట్టి కొనడం.

వానకాలం: గంగవాయిలి కూర, తోటకూర, పుంటికూర, బెండ, గోకరకాయ. పండ్లలో అల్లనేరేడు. వానలు వెనకబడే రోజులకు సీతాఫలాలు వస్తాయి. సీతాఫలంలో పేరుపొందిన 'బాలానగర్' రకానికి ఆ పేరు మన పాత పాలమూరు జిల్లాలోని బాలానగర్ నుండే వచ్చింది.

చలికాలం: టమాట, చిక్కుడు, పాలకూర, మెంతికూర, క్యారెట్టు. పండ్లలో జామ, ఉసిరి, రేగు. ఏడాదిలో కూరలు చవకగా ఉండేది అప్పుడే. చౌకగా వచ్చిన టమాట, గోకర, వంకాయ ఎండబెట్టి ఒరుగులు చేసుకోండి. ఎండితే విటమిన్ సి చాలావరకు పోతుంది, కాని ఎండాకాలంలో ఏమీ లేనప్పుడు అవి కూరకు అక్కరకొస్తాయి.

ఎండాకాలం: చింతచిగురు, మునగకాయ, మామిడికాయ పప్పు, తాటి ముంజలు. ఏప్రిల్, మే నెలల్లో కొల్లాపూర్ మామిడి. నల్లమల అంచు ఊళ్ళలో మొర్రిపండ్లు, తునికి పండ్లు.

పేరు తెలిసిన ఆకులను గుర్తుపట్టి తెచ్చే అవ్వలు ప్రతి ఊళ్ళోనూ ఇంకా ఉన్నారు. సెలవు రోజున పిల్లలను వారి వెంట పంపండి. తన చేత్తో తెంపి తెచ్చిన కూరను బిడ్డ వద్దనడు.

గజం నేల చాలు

స్నానం చేసిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు పారే చోట ఒక మునగ కొమ్మ, ఒక బొప్పాయి మొక్క, ఒక కరివేపాకు మొక్క నాటండి. రేకుల కప్పు మీదికి ఆనిగెపు తీగనో, బీర తీగనో పాకించండి. నేలే లేకపోతే పాత బకెట్టులో మన్ను నింపి మెంతులు, కొత్తిమీర చల్లండి. మెంతికూర మూడు నాలుగు వారాల్లో కోతకు వస్తుంది.

పనికోసం హైదరాబాదు, ముంబయి, పుణె వెళ్ళే కుటుంబాలకు పెరడు ఉండదు. అటువంటివారు నీడలో ఎండబెట్టిన మునగాకు పొడి ఒక డబ్బాలో వెంట తీసుకుపోవచ్చు. పప్పులోనో, రొట్టె పిండిలోనో ఒక చెంచా కలిపితే సరి.

బిడ్డ వద్దంటే?

1. ఒకసారి వద్దన్నాడని వదిలివేయకండి. కొత్త రుచి అలవాటు కావడానికి ఎనిమిది పది సార్లు, ఒక్కొక్కప్పుడు పదిహేను సార్లు పెట్టవలసి రావచ్చు. ప్రతిసారి రెండు ముద్దలే పెట్టండి, బలవంతం చేయకండి.

2. "కూర తింటే చాక్లెట్ కొనిస్తా" అనకండి. కూర శిక్ష, చాక్లెట్ బహుమానం అని మనమే నేర్పినట్లవుతుంది.

3. తండ్రులారా, ఈ మాట మీకు. మీరు వంకాయను కంచం అంచుకు నెట్టి "ఇదేం కూర?" అంటే, రేపు మీ కొడుకు కూడా అదే అంటాడు. రోజుకు ఒక్కపూటైనా అందరూ కలిసి కూర్చొని అదే కూర తినండి.

4. వేరే రూపంలో పెట్టండి. జొన్నరొట్టె పిండిలో మెంతికూర, సర్వపిండిలో సొరకాయ తురుము, పప్పులో గంగవాయిలి కూర కలిపితే పిల్లలు ఇష్టంగా తింటారు.

5. కోసిన తరువాత కడగకండి, కడిగిన తరువాత కోయండి. కూర ఉడికిన నీళ్ళు పారబోయకండి.

ఇద్దరు పిల్లలకు రోజూ చెరొక 5 రూపాయల ప్యాకెట్టు కొంటే నెలకు 300 రూపాయలు, ఏడాదికి 3,650 రూపాయలు. మీ సంతలో ఆ మూడు వందలకు ఎన్ని కట్టల తోటకూర, ఎన్ని జామకాయలు వస్తాయో ఈ వారమే లెక్క కట్టి చూడండి.

కొన్ని జాగ్రత్తలు

నడిగడ్డలో పత్తి విత్తనాల సాగు ఎక్కువ. మందు కొట్టిన పత్తి చేలలోను, మురికి కాలువ గట్లమీద మొలిచిన ఆకుకూర తేకండి. పేరు తెలియని ఆకు వండకండి. కిడ్నీలో రాళ్ళున్నవారికి గంగవాయిలి, పాలకూర డాక్టరును అడిగే పెట్టండి. బిడ్డ పాలిపోయి ఉంటే ఆకుకూర ఒక్కటే చాలదు. ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి ఐరన్ మందు, నులిపురుగుల మాత్ర వేయించండి.

బడి భోజనంలో ఒక్కొక్క బిడ్డకు 5వ తరగతి వరకు రోజుకు 50 గ్రాములు, 6 నుండి 8 వరకు 75 గ్రాముల కూరగాయలు ఉండాలన్నది ప్రభుత్వ నియమం. ఏ ఆధారమూ లేని ఇంటి బిడ్డకు కొన్నిసార్లు ఆ రోజంతటికీ అదే కూర. కాబట్టి నెలకొకసారి బడికి వెళ్ళి, ఏమి వండుతున్నారో మర్యాదగా అడిగి చూడండి. మీ పెరట్లో మునగ విరగకాస్తే ఒక కట్ట పొరుగింటి బిడ్డకూ పంపండి.

ఖరీదైనది కొనలేకపోయామని బాధపడవద్దు. దగ్గరున్నదాన్ని గౌరవంగా వండి, ప్రేమగా పెట్టి, బిడ్డ పక్కన కూర్చొని మీరూ తినండి. ఈ రోజు సాయంత్రమే మొదలుపెట్టండి.