దర్జీ సాయెబుగారి పద్దుపుస్తకము

ఇంట పనిచేయువారికి జీతమిచ్చుటయు, అంగడిలో బాకీ తీర్చుటయు వేఱువేఱు సంగతులని నేను చిరకాలము తలంచుచుంటిని. ఆ తలంపు తప్పని నాకు బోధపఱచినది మా వీధిచివరనున్న దర్జీ సాయెబుగారి పద్దుపుస్తకము.

అది మూడు కుట్టుయంత్రములు పట్టు చిన్న కొట్టు. సాయెబుగారు గుడ్డ కత్తిరించి యిత్తురు, ఇద్దఱు కుట్టుదురు, ఒక హిందూ కుఱ్ఱవాడు కాజాలు కుట్టి గుండీలు వేయును. పెద్ద పనివాడు వచ్చి పదునాలుగేండ్లయినది. పెద్దకొట్లవారు ఎక్కువ కూలి యాశచూపినను పోలేదు. ఏలయని యొకమారు అడిగితిని. "గురువారం సాయంత్రానికి డబ్బు చేతిలో పడుతుందమ్మా, అడగవలసిన పనిలేదు" అని మాత్రము చెప్పి మరల తల వంచుకొనెను.

గురువారమే యేలయనగా, మఱునాడు శుక్రవారపు సామూహిక ప్రార్థన. కూలి బాకీయుంచుకొని నమాజునకు నిలువబడుట సాయెబుగారి మనస్సునకు కష్టమట. చెమట యాఱకముందే కూలి యీయవలెనన్న ప్రవక్త బోధ ముసల్మానుల యిండ్లలో అందఱెఱిగినదే. బుఖారీ సంకలనములో నింతకంటె కఠినమైన మాట కలదు: పని పూర్తిగా చేయించుకొని కూలి యెగవేసినవానిపై తీర్పుదినమున భగవంతుడే ఫిర్యాదిగా నిలుచునట.

నేను చిన్ననాడు మా తండ్రిగారియొద్ద నన్నయగారి సభాపర్వము చదివితిని. అందు నారదుడు ధర్మరాజును జీతముల సంగతి ప్రశ్నించును. అర్థము చెప్పగలిగితినిగాని, ఆ ప్రశ్న నా కొంగుముడివఱకు వచ్చునని యనుకొనలేదు.

బుఖారీలోనిదే యింకొక కథను సాయెబుగారి కుమార్తె నాకు చెప్పినది. ముగ్గురు బాటసారులొక గుహలో తలదాచుకొనగా బండ దొర్లి ద్వారము మూసికొనెను. తాము చేసిన మంచిపని యొక్కటి చెప్పుకొని యొక్కొక్కరు దైవమును వేడుకొనిరి. అందొకడు పూర్వము కూలివాండ్రను పెట్టుకొని యుండెను. ఒకడు తన కూలి తీసికొనకయే వెడలిపోగా, యజమాని దానిని పెట్టుబడిగా పెట్టి పెంచెను. చాలకాలమునకు వాడు వచ్చి తన కూలి యడుగగా, యజమాని మందలను చూపి యివన్నియు నీవేయనెను. పరిహసించుచున్నావాయని వాడనుమానించెను, పరిహాసము కాదని తెలిసి సమస్తము తోలుకొనిపోయెను. ఆ కార్యముపేర వేడుకొనగా, మిగిలియున్న బండ తొలగినదట. ఇందు నన్ను కలచినది యజమాని యౌదార్యముకంటె కూలివాని యనుమానము. న్యాయముగా ముట్టినదానిని నమ్మలేనంతగా వాని కెన్నిచోట్ల అన్యాయము జరిగియుండెనో!

ఈ ప్రసంగములో స్త్రీలు వెనుకనుండలేదు. ప్రవక్త భార్యయైన ఖదీజా మక్కానగరపు వర్తకురాలు. వివాహమునకు పూర్వమే యామె తన సరకును ఆయనచేతికిచ్చి సిరియాకు పంపినది. ఆయన నిజాయితీ నా వర్తకములోనే చూచినది. ఖురానులో మూసాను పనికి పెట్టుకొమ్మని తండ్రికి సలహా యిచ్చినదియు నొక కూతురే. బలము, నమ్మకము రెండును కలవాడే తగినవాడని యామె చెప్పగా, ఆ తండ్రి యెనిమిదేండ్ల గడువు పెట్టి, పది చేసిన నది నీ యిష్టము, నిన్ను కష్టపెట్టదలపననెను.

మతముపేర నందఱు నిట్లు నడతురని నేననను. పనివానికి సబరు, అనగా ఓర్పు, బోధించి తన సంచి ముడి విప్పని యజమానులుందురు. కర్మసిద్ధాంతము చెప్పి యదే చేయువారు మనలో లేరా? సాయెబుగారు ఓర్పు తమకుంచుకొని కూలి పనివారికిత్తురు. రంజాను నెలలో ఉపవాసము విడుచు వేళకు ముందే కొట్టు కట్టుదురు. కాజాల కుఱ్ఱవానికి ఉపవాసము లేకున్నను వానినిగూడ పంపివేయుదురు. పండుగ గిరాకీ పోవునేయని నేననగా నవ్వి యూరకుండిరి.

ఇక నా సంగతి. సంక్రాంతికి మా పిల్లల బట్టలు, నా రవికలు కుట్టించి, రూ. 1,850 బాకీ పెట్టితిని. పది దినములలో ఇత్తునంటిని. సాయెబుగారు పుస్తకము తెఱచి, "మీరే చెప్పండమ్మా, వ్రాసుకుంటాను" అనిరి. ఖురాను రెండవ అధ్యాయపు 282వ వాక్యములో అప్పును వ్రాసికొనుడనియు, అప్పుపడినవారే చెప్పి వ్రాయింపవలెననియు నున్నదట. మొత్తము, గడువు, పేరు అన్నియు నేనే చెప్పితిని. తరువాత నేడువారములు ఆ దారిన పోలేదు.

ఒకనాడు వారి కుమార్తె మా యింటికి చదువునకు వచ్చి, మాటలలో, గడచిన రెండు గురువారములును నాన్నగారు చేబదులు తెచ్చి కూలి యిచ్చిరని చెప్పినది. ఆ పిల్లకు నా బాకీ తెలియదు. తెలిసిన చెప్పెడిది కాదు.

నాడే డబ్బు తీసికొనిపోతిని. క్షమింపుమనుటకు నోరు రాలేదు. సాయెబుగారు నోట్లు లెక్కింపలేదు. పుస్తకము నా వైపు త్రిప్పి, నేను చెప్పిన మాటలున్న పుట చూపి, కలము నా చేతికిచ్చి, "మీరే కొట్టివేయండి" అనిరి. కొట్టివేసితిని. అది బుధవారము.